బార్సెలోనా, రెండు గంటల దూరం

విమానంలో కిటికీ సీటు కోసం నేనూ వాన్నెస్సూ చీటీలు వేసుకున్నాం. నేను గెలిచాను. పెళ్ళయి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. గెలిచినా నవ్వొచ్చేది, ఓడినా నవ్వొచ్చేది. బార్సెలోనాలో నాలుగు రోజులుండి తిరిగొస్తున్నాం, నా చెప్పుల్లో ఇంకా ఇసుక ఉంది. విమానంలో ఇచ్చిన బిస్కెట్టును వాన్నెస్ రెండుగా విరిచి పెద్ద ముక్క నాకిచ్చాడు. రాజ్యం రాసిచ్చినంతగా మురిసిపోయాను. కింద మంచుకొండలు, ఆ తర్వాత మబ్బులు, ఆ తర్వాత చదునైన మా పొలాలు. రెండు గంటల్లో బెల్జియం చేరి షార్లెరాలో దిగేశాం.

ఇంట్లో అడుగు పెట్టగానే మావయ్య అడిగిన మొదటి మాట, "పిరనీస్ కొండల మీద గాలి ఎటు వీస్తోంది?"

"విమానంలో కూర్చుంటే గాలి ఎలా తెలుస్తుంది మావయ్యా?"

"కిటికీ పక్కనే కదా కూర్చున్నావు. మబ్బులు ఎటు జరుగుతున్నాయో చూడలేదూ?"

"ఆ పిల్ల మబ్బుల్ని చూడటానికి వెళ్ళిందా, నీ కొడుకుని చూడటానికా?" అంది అత్తయ్య, కాఫీ పోస్తూ.

మావయ్య పేరు ఓడీల్, అత్తయ్య పేరు గోడెలీవ్. కోర్ట్రైక్ ఊరి చివర, నార తీసే అవిసె పొలాలు మొదలయ్యే చోట వాళ్ళ ఇల్లు. మేము కొనుక్కున్న ఇంటికి వంటగది గచ్చు ఇంకా పడలేదు. అది పూర్తయ్యేదాకా పై అంతస్తులో రెండు గదులు మాకిచ్చారు. గేటు దగ్గర బెల్లు కింద వాన్నెస్, గ్రీట్ అని మా ఇద్దరి పేర్లూ రాసిన చిన్న రేకు ఉంది. బయటికి వెళ్ళిన ప్రతిసారీ నేను దాన్ని వేలితో ఒకసారి తుడిచి వెళ్తాను.

"రెండు గంటలు," అన్నాడు మావయ్య, ఆ మాటనే నోట్లో వేసుకుని నములుతున్నట్టు. "కుర్చీలో కూర్చుని, బిస్కెట్టు తింటూ. పందానికి పంపే నా పావురానికి కుర్చీ లేదు, బిస్కెట్టూ లేదు. వెయ్యీ యాభై కిలోమీటర్లు. అక్కడ పొద్దున వదిలితే పొద్దుగూకేదాకా ఇంటివైపు ఎగరాలి, ఎక్కడో ఏ చూరు కిందో పడుకోవాలి, మళ్ళీ తెల్లారగానే లేచి..."

మాట పూర్తి కాలేదు. దగ్గు వచ్చింది. గొంతులోంచి వచ్చే దగ్గు కాదు, ఎక్కడో అడుగున ఎండిన తోలు చిరుగుతున్నట్టుండే దగ్గు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య కాఫీ కుండ పట్టుకుని ఆగిపోయింది, ఆ దగ్గు అయ్యేదాకా ఎవరి కప్పులోనూ పోయలేదు.

అది పావురాల దుమ్ము వల్ల. తోట చివర మావయ్య పావురాల గది ఉంది, చెక్కలతో కట్టింది, నీలిరంగు వేసింది. చిన్నప్పటి నుంచీ ఆయన ఆ ఈకల పొడిలో, ఎండిన రెట్టల పొడిలో ఊపిరి పీల్చాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి అక్కడ మచ్చలు కట్టేసిందట. పావురాల్ని వదిలేస్తే ఉన్న ఊపిరి నిలుస్తుంది, వదలకపోతే వచ్చే చలికాలం ముక్కుకి గొట్టంతో గడుస్తుంది, ఆపై చలికాలం సంగతి నేను చెప్పలేను అంది డాక్టరమ్మ. ఈ ముక్కలన్నీ అత్తయ్య నాకు చెప్పింది. మావయ్యని అడిగితే, "ఆవిడ జీవితంలో ఒక్క పావురాన్నైనా పట్టుకుందా?" అన్నాడు.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బేరం జరిగింది. అత్తయ్య బీరులో ఉడికించిన గొడ్డుమాంసం చేసింది, వాన్నెస్ ఆలూ వేయించాడు. నేను వేయించినవి పచ్చిగా ఉంటాయని ఆ పని నాకు ఇవ్వరు. నేను రుచి చూసే పేరుతో సగం తినేశాను. అందరం నవ్వుతూనే ఉన్నాం. ఉన్నట్టుండి అత్తయ్య ఫోర్కు కింద పెట్టింది.

"చూడు ఓడీల్. ఎప్పుడు మూస్తావు?"

"ఏం మూయాలి?"

"తెలియనట్టు మాట్లాడకు. పిల్లల ముందే అడుగుతున్నాను."

మావయ్య చాలాసేపు పళ్ళెంలోని రసాన్ని రొట్టెముక్కతో తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ఒక్క బార్సెలోనా పందెం. ఈసారికి ఒక్కటంటే ఒక్క పక్షిని పంపుతాను. అది ఇల్లు చేరిన రోజు గది మూసేస్తాను. మిగతావి ఎవరికైనా ఇచ్చేస్తాను. కానీ అది ఇల్లు చేరాకే. పక్షి దారిలో ఉండగా గది మూయడమనేది మా వాళ్ళలో లేదు."

అది నిజమే. ఈ వైపు పావురాలు పెంచేవాళ్ళు ఎవరిని అడిగినా అదే చెబుతారు. పంపిన పక్షి కోసం తలుపు తెరిచి ఉంచాలి, ఎన్నాళ్ళైనా సరే. యుద్ధం రోజుల్లో ఇల్లు కాలిపోయినా గోడ మీద ఒక గూడు కట్టి ఉంచిన మనిషి కథ ఇక్కడ ఇంటింటికీ తెలుసు.

"బ్లౌ రెండుసార్లు బార్సెలోనా వెళ్ళొచ్చింది," అన్నాడు వాన్నెస్. "రెండు రోజుల్లో వచ్చేస్తుంది నాన్నా. అంటే జూలై మొదటి వారానికి మీరు ఫ్రీ."

బ్లౌ అంటే మావయ్య దగ్గరున్న పేరున్న పక్షి. సీసం రంగు మగ పావురం. దాని ఫొటో హాల్లో వాన్నెస్ బడి ఫొటో కంటే పెద్దది.

"సరే," అంది అత్తయ్య, చెయ్యి చాపి. సంతలో పశువుల బేరం కుదిరినప్పుడు కొట్టుకున్నట్టు ఇద్దరూ అరచేతులు చరుచుకున్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఆ సాయంత్రం అత్తయ్య పాడుకుంటూ గిన్నెలు కడగడం మొదటిసారి విన్నాను.

పంపే ముందు వారం మావయ్య ఆ పక్షిని దాని జోడీ నుంచి వేరు చేశాడు. మగదాన్ని ఒక గూట్లో, ఆడదాన్ని మరో గదిలో. దీన్ని ఇక్కడ వైధవ్యం అంటారు. బుట్టలోకి ఎక్కించే రోజు కొద్ది నిమిషాలు మాత్రం ఆడదాన్ని చూపిస్తారు, దగ్గరికి వెళ్ళనివ్వరు. ఆ చూపుతోనే అది వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి ఇంటికి కొట్టుకుంటూ వస్తుందట.

"ఇది చాలా అన్యాయం మావయ్యా," అన్నాను.

"నీకు అన్యాయంగానే ఉంటుంది మరి. నిన్నూ వాణ్ణీ వారం వేరు చేసి, వాణ్ణి బార్సెలోనాలో వదిలేస్తే విమానం కంటే ముందొస్తాడు."

"దారిలో బీరు అమ్మే చోటు లేకపోతే," అంది అత్తయ్య లోపలి నుంచి.

నేను సిగ్గుపడుతూ జాలీలోంచి చూశాను. ఆ పక్షి గుండ్రంగా తిరుగుతూ, మెడ ఉబ్బించి, జోడీ వైపు వంగి వంగి కూస్తోంది. ఎడమ రెక్కలో ఒకటే ఒక తెల్ల ఈక. నా కంటికి అన్ని పావురాలూ ఒకటే, కాబట్టి అదే బ్లౌ అనుకున్నాను. వేళ్ళు చాపి ముద్దు విసిరాను కూడా. మావయ్య దాన్ని పట్టి, రెక్క విప్పి చూసి, బుట్టలో పెట్టి మూత వేశాడు. పక్కవీధిలో పావురాలు పెంచే కమీల్ వ్యాను దాకా బుట్టను తనే మోసుకెళ్ళాడు, వాన్నెస్‌ని ముట్టనివ్వలేదు.

శుక్రవారం పొద్దున బార్సెలోనాలో పక్షుల్ని వదిలారని రేడియోలో చెప్పారు. శనివారం ఇంట్లో అన్నీ నిషేధాలే. తోటలో బట్టలు ఆరేయకూడదు, రంగు గొడుగు తీయకూడదు, ఎర్ర గౌను వేసుకోకూడదు. అలసి వచ్చిన పక్షి కొత్త రంగు చూసి బెదిరి కప్పు మీదే కూర్చుండిపోతుందట. నేను వాన్నెస్ బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని తిరిగాను. మోకాళ్ళ దాకా వచ్చింది. దాని మెడ దగ్గర వాన్నెస్ సబ్బు వాసన. ఇద్దరం గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాం. కనిపించిన ప్రతి కాకినీ నేను బ్లౌ అన్నాను.

మధ్యాహ్నం కమీల్ పక్షి వచ్చింది. ఆయన కేక మాకు పక్కవీధి నుంచే వినిపించింది. తర్వాత ఊళ్ళో ఇంకొకరిది, సాయంత్రం మరొకరిది. ఆదివారం రాత్రికి పందెం ముగిసిందన్నారు. మా గది తలుపు తెరిచే ఉంది, లోపలికి ఏదీ రాలేదు.

విచిత్రమేమిటంటే మావయ్య ప్రశాంతంగా ఉన్నాడు. పొద్దున్నే కాఫీ తీసుకుని పావురాల గదిలోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని, భోజనానికి మాత్రమే బయటికి వచ్చేవాడు. "పక్షి దారిలో ఉంది కదా," అనేవాడు. అంతకు ముందు రోజూ అక్కడ కూర్చునే గంట కాస్తా ఇప్పుడు రోజంతా అయింది. సోమవారానికి ఆయన మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం చూశాను. అడుగు వేయడం, ఆగడం, మళ్ళీ అడుగు. ఆయన పెదవుల చుట్టూ నీలి గీత ఉంది. నేను చూశానని తెలిసి కన్నుకొట్టాడు.

అత్తయ్య మాత్రం మారిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె తోటలో పావురాల వైపు మెడ తిప్పి ఎరగదని వాన్నెస్ అంటాడు. అలాంటిది మధ్యమధ్య బయటికి వచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని దక్షిణం వైపు చూసేది. "రా, పాడుపిట్టా," అని మెల్లగా అనేది. బంగాళాదుంప చెక్కుతూ, మధ్యలో ఆపి, చెక్కు వేలాడుతున్న దుంపతోనే గుమ్మంలో నిలబడేది.

సోమవారం సాయంత్రం కమీల్ రెండు బీరు సీసాలు పట్టుకుని ఓదార్చడానికి వచ్చాడు. మావయ్య పావురాల గదిలో ఉన్నాడు. వంటగదిలో నేనూ అత్తయ్యా.

"ఏం చేస్తాం గోడెలీవ్," అన్నాడు కమీల్. "వాడికి చెప్పి చూశాను. ఫ్రాన్సులో ఓర్లియాన్ దాటి ఎన్నడూ వెళ్ళని రెండేళ్ళ పిల్లపక్షిని బార్సెలోనా పంపుతారా ఎవరైనా? ఒరేయ్ ఓడీల్, నీకు మతి పోయిందా అన్నాను. వింటేగా."

అత్తయ్య చేతిలో కత్తి ఆగింది. "పిల్లనా? బ్లౌని కదా పంపింది."

కమీల్ నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాత తన బీరు సీసా వైపు. "బ్లౌ లోపలే ఉందిగా. ఇప్పుడే చూసొచ్చాను," అన్నాడు మెల్లగా. "నాకేం తెలుసు, మీకు చెప్పాడనుకున్నాను." సీసాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

అత్తయ్య అరవలేదు. మిగిలిన దుంపలన్నీ చెక్కింది. మాకు కావలసిన దానికంటే ఎక్కువ చెక్కింది. సంచీ ఖాళీ అయ్యాక చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చుని అంది: "చూశావా అమ్మాయ్. రాని పక్షిని ఏరి మరీ పంపాడు. అది రాదు, ఈయన గది మూయడు. నేను చెయ్యి కలిపాను. వెర్రిదానిలా పాడుకున్నాను కూడా."

వాన్నెస్ పనినుంచి రాగానే నేను చెప్పాను. అతను కోటు కూడా విప్పకుండా తోట చివరికి వెళ్ళాడు. వాళ్ళ మాటలు కిటికీలోంచి వినిపించాయి.

"బ్లౌ ఎందుకు ఇక్కడుంది నాన్నా?"

"ముసలిదైపోయింది. దాన్ని మళ్ళీ అంత దూరం పంపడం భావ్యం కాదు."

"మరి ఓర్లియాన్ దాటనిదాన్ని పంపడం భావ్యమేనా?"

"పెద్ద న్యాయమూర్తివి బయల్దేరావు. నీకు పావురాల గురించి ఏం తెలుసు? పెళ్ళాం చెప్పింది విని వచ్చావు."

"అమ్మతో చెయ్యి కలిపారు మీరు."

ఆ తర్వాత దగ్గు తప్ప ఏమీ వినిపించలేదు. వాన్నెస్ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని అతని చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. "ఆయన చచ్చిపోవాలని అనుకుంటున్నాడా గ్రీట్?" అన్నాడు. నేను అతని కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాను.

మర్నాడంతా అత్తయ్య మావయ్య కాఫీని బల్ల మీద పెట్టి పక్కకి తిరిగేది. ఆయన తీసుకుని గదిలోకి వెళ్ళేవాడు. నేను మాత్రం ఇద్దరితో మామూలుగా కబుర్లు చెబుతూ, ఒకరి మాట ఒకరికి మోస్తూ అలసిపోయాను.

బుధవారం పొద్దున ఫోను మోగింది. అత్తయ్య తీసింది, ఒక నిమిషం విని నాకిచ్చేసింది. "ఎవరో ఫ్రెంచి మనిషి. నువ్వే మాట్లాడు." నేను బడిలో ఫ్రెంచే చెబుతాను, వేసవి సెలవుల్లో ఉన్నాను.

ఫ్రాన్సులో పెరోన్ దగ్గర పల్లెలో కోళ్ళు పెంచే ఆయన. నాలుగు రోజులుగా తన కోళ్ళ మధ్య ఒక పావురం ఉందట. రెక్కను డేగ చీల్చింది, ఎగరలేకపోతోంది, రెక్క ఈక మీద ఈ ఫోను నంబరు ముద్ర ఉంటే చేశాడట. "మీరు రాకపోతే నేనే ఉంచుకుంటాను. బాగా తింటోంది, మర్యాదగా ఉంది," అన్నాడు.

"ఆ రెక్కలో తెల్ల ఈక ఉందా?" అని అడిగాను.

"ఒక్కటి. మిగిలింది."

అత్తయ్య ముఖం చూస్తూనే ఆ మాటల్ని మావాళ్ళ భాషలో చెప్పాను. ఆమె అప్పటికే కారు తాళాలు తీసింది. "ఓడీల్‌కి చెప్పకు. బజారుకి వెళ్తున్నామను."

పెరోన్ మాకు కారులో గంటన్నర. దారంతా అత్తయ్య రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "పెరోన్‌దాకా వచ్చిందంటే పిరనీస్ దాటింది," అంది ఒకసారి. ఇంకోసారి, "ఓర్లియాన్ దగ్గరికి చేరాక దానికి దారి తెలిసే ఉంటుంది, పాపం." పావురాల గురించి ఆమెకి ఇంత తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

కోళ్ళాయన పావురాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి ఇచ్చాడు. రెండు డజన్ల గుడ్లు కూడా ఇచ్చాడు, వద్దంటే వినలేదు. వచ్చేటప్పుడు నేను కారు నడిపాను. అత్తయ్య డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత కాస్త తెరిచి చూసింది. పక్షి రొమ్ము ఎముక కత్తి అంచులా పైకి తేలి ఉంది. రెక్క మీద రక్తం ఎండి నల్లగా అతుక్కుంది. అది ఆమె వైపు ఒక కన్నుతో చూసింది.

"ఊరి బయట అవిసె పొలం దగ్గర ఆపు," అంది.

"ఎందుకు అత్తయ్యా?"

"అక్కడ వదిలేద్దాం. అక్కడి నుంచి మన కప్పు కనిపిస్తుంది. ఎగిరి వెళ్తుంది. ఆయన కళ్ళముందే గదిలో దిగుతుంది. రెక్కలతో వచ్చిన పక్షే కదా. ఇక ఆయన ఏ మాటా అనలేడు." ఒక్క క్షణం ఆగి అంది, "ఈ పక్షితోనే నన్ను మోసం చేశాడు. నేనూ ఈ పక్షితోనే చేస్తాను."

"దాని రెక్క చూశారా?"

"కొంచెం దూరమే కదా అమ్మాయ్."

అవిసె కోసి వరసలుగా పరిచి ఉంది, తడిసి ఎండిన వాసన వస్తోంది. పొలానికి అవతల మా ఊరి చర్చి శిఖరం, దాని ఎడమ పక్క మా కప్పు, దాని వెనక నీలిరంగు చెక్కలు. అత్తయ్య డబ్బాని నేల మీద పెట్టి మూత తీసి వెనక్కి జరిగింది. మనసులో ఎగురు ఎగురు అంటూనే, ఎగరకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. అలా రెండూ ఒకేసారి అనుకోవచ్చని నాకు తెలియదు.

పక్షి డబ్బా అంచు మీదికి ఎక్కింది. తల అటూ ఇటూ తిప్పి ఇంటివైపు నిలిపింది. దానికి తెలిసింది, అందులో సందేహం లేదు. ఒళ్ళంతా బిగించి లేచింది, రెక్కలు కొట్టుకుంది, మనిషి ఎత్తు కూడా లేవకుండానే పక్కకి ఒరిగి అవిసె మీద పడింది. లేచి నిలబడింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పడింది. తర్వాత ఎగరడం మానేసి నడవడం మొదలుపెట్టింది. అవిసె వరసలు ఎక్కి దిగుతూ, చీలిన రెక్కను నేల మీద ఈడ్చుకుంటూ, తిన్నగా ఇంటివైపు.

"అత్తయ్యా," అన్నాను.

ఆమె చెప్పులు పొలంలో దిగబడుతుండగానే వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ దాని ముందు పెట్టింది. పావురాన్ని ఎప్పుడూ పట్టుకోని మనిషి ఎలా పడితే అలా పట్టుకుంది, అయినా అది గింజుకోలేదు. ఆమె తిరిగి వచ్చినప్పుడు ముఖమంతా తడిసి ఉంది.

"ఆయన ఒకసారి పంపాడు," అంది. "నేను రెండోసారి పంపను. కారు ఇంటికి పోనీ."

మావయ్య గదిలో స్టూలు మీద ఉన్నాడు. జాలీ తలుపులోంచి పడిన వెలుగులో దుమ్ము తేలుతోంది. అత్తయ్య ఆ గదిలో అడుగుపెట్టడం వాన్నెస్ కూడా ఎప్పుడూ చూడలేదు, నేను చూశాను. ఆమె పక్షిని ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇదిగో. రెక్కలతో రాలేదు. పెరోన్ నుంచి కారులో వచ్చింది. పొలంలో వదిలి నిన్ను మోసం చేద్దామనుకున్నాను, అది ఎగరలేకపోయింది. బేరంలో నువ్వే గెలిచావు."

మావయ్య బొటనవేలితో దాని రొమ్ము ఎముక తడిమాడు. రెక్క విప్పి, వెలుగుకి పట్టి, మెల్లగా మూశాడు.

"పెరోన్," అన్నాడు చివరికి. "తొమ్మిది వందల యాభై కిలోమీటర్లు."

"అవును."

"దీనికి దారి తెలియదు."

"తెలియదనే కదా పంపావు."

ఆయన తల ఎత్తలేదు. గూళ్ళలో పావురాలు కూస్తున్నాయి. నేను తలుపు దగ్గర, లోపలికి వెళ్ళాలో బయటికి రావాలో తెలియక నిలబడ్డాను.

"గోడెలీవ్," అన్నాడు. "వీటిని ఎవరికైనా ఇస్తే, వాళ్ళు జన్మలో ఎగరనివ్వరు. ఎగరనిస్తే మళ్ళీ ఇక్కడికే వస్తాయి కదా. బ్లౌ చచ్చేదాకా జాలీ వెనకాలే కూర్చోవాలి. ఆ సంగతి తలుచుకుంటే నాకు... దాని బదులు ఒక్కటి పోతే పోయిందనుకున్నాను. కొండల్లోనే పోతుందనుకున్నాను. ఇంత దూరం వస్తుందని అనుకోలేదు."

"దాని పేరేమిటి?"

"పేరు పెట్టలేదు."

"అదీ అనుకునే చేశావన్నమాట."

దానికి దగ్గే జవాబయింది. ఈసారి అది ఆగలేదు. ఆయన పక్షిని నా చేతికి అందించి, గోడ పట్టుకుని, వంగిపోయాడు. పెదవుల నీలం బుగ్గల దాకా పాకింది. అత్తయ్య ఒక చెయ్యి ఆయన చంక కింద వేసి లేపింది, నేను పక్షితోనే ఇంకో పక్క పట్టుకున్నాను. అలా ముగ్గురం తోటలోని బెంచీ దాకా వచ్చాం. నా అరచేతిలో పక్షి గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, అది ఎవరిదో, నాదో దానిదో ఆయనదో, కాసేపు తెలియలేదు.

ఊపిరి కాస్త కుదిరాక మావయ్య నా వైపు చూసి అన్నాడు, "ఆ రెక్కకి గోరువెచ్చని ఉప్పునీళ్ళు. నెమ్మదిగా తుడువు అమ్మాయ్. దాని జోడీ మూడో గూట్లో ఉంది, పక్కన పెట్టు. ముసుగు కట్టుకుని వెళ్ళు లోపలికి."

"మీరు రారా?"

"నేను రాను." ఆ మాట అన్నాక ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో అర్థం కానట్టు చూసుకున్నాడు. "వాన్నెస్ వచ్చాక కమీల్‌కి కబురు పెట్టమను. శనివారం వచ్చి పావురాల్ని తీసుకెళ్ళమను. బ్లౌని కిటికీ ఉన్న గదిలో ఉంచమను. ఈ పిల్లని మాత్రం ఇవ్వను, ఇది మన కోళ్ళతో తిరుగుతుంది."

"మనకి కోళ్ళు లేవు," అంది అత్తయ్య.

"కొందాం."

నేను పక్షిని తీసుకుని వెళ్ళి రెక్క కడిగాను. ఉప్పునీళ్ళు తగిలినా అది నా చేతిని పొడవలేదు. దాన్ని మూడో గూట్లో పెట్టగానే ఆడపక్షి దాని మెడ ఈకల్ని ఒక్కొక్కటే ముక్కుతో సవరించడం మొదలుపెట్టింది. అంత కష్టంలోనూ నాకు సంతోషంగా అనిపించింది. వాన్నెస్ వచ్చాక ఈ ఒక్క ముక్క ముందు చెప్పాలి, మిగతాదంతా తర్వాత, అనుకున్నాను.

బయటికి వచ్చేసరికి వాళ్ళిద్దరూ బెంచీ మీదే ఉన్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. మావయ్య ఊపిరి ఈల వేస్తోంది. అత్తయ్య దక్షిణం వైపు చూడటం లేదు, తన చెప్పులకి అంటిన మట్టిని పుల్లతో గీకుతోంది.

"కోపమా?" అన్నాడు మావయ్య.

"ఊ."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళో నాకు తెలియదు. చాలాకాలం పట్టేట్టుంది." ఆమె పుల్ల పారేసి, రెండో చెప్పు విప్పింది. "అందాకా నువ్వు ఊపిరి తీస్తూ ఉండు. నా కోపం ఎవరి మీద చూపించాలి లేకపోతే?"